కణం నిద్రపోతుంటే మాత్ర ఎందుకు?

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. నా వయసు 56. మూడున్నరేళ్ల కింద రొమ్ములో గడ్డ తీశారు. రెండున్నర సెంటీమీటర్లు ఉందన్నారు. చంకలో రెండు గ్రంథుల్లోకి పాకింది. హార్మోన్ పాజిటివ్. ఎనిమిది కీమోలు, తర్వాత రేడియేషన్ అయ్యాయి. అప్పటి నుంచి రోజూ లెట్రోజోల్ మాత్ర వేసుకుంటున్నాను. పోయిన నెల చెకప్‌లో "అంతా తీసేశారు కదా, ఈ మాత్ర ఇంకెన్నాళ్లు?" అని అడిగాను. గడ్డ నుంచి ముందే ఊడిపోయిన కణాలు ఒంట్లో ఎక్కడైనా నిద్రపోతూ ఉండొచ్చు, అవి కీమోకి లొంగవు అన్నారు. బయట చాలామంది ఎదురుచూస్తున్నారు, ఇంకేం అడగలేక వచ్చేశాను. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. అంత పెద్ద కీమోకే లొంగనివి ఇంత చిన్న మాత్రకి లొంగుతాయా? పొద్దున లేచేసరికి మోకాళ్లు, వేళ్ల కణుపులు పట్టేసి ఉంటున్నాయి. ఎందుకీ బాధ అని ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పన్నెండు రోజులుగా మాత్ర మానేశాను. నేనేదైనా తప్పు చేసినందుకే ఆ కణాలు మిగిలాయా? టెన్షన్ పడితే లేస్తాయా? నెలనెలా స్కాన్ తీయిస్తే దొరుకుతాయా? అసలు నా ఒంట్లో అవి ఉన్నాయా లేవా, సూటిగా చెప్పండి.
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు మాత్ర సంగతి. మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. ఇవాళే మీ డాక్టరుకి ఫోన్ చేసి మాత్ర ఆపేశానని చెప్పండి. వాళ్లు ప్రత్యేకంగా వద్దంటే తప్ప ఈ రోజు నుంచే మళ్లీ వేసుకోండి. పోయిన పన్నెండింటి లెక్క సరిచేయాలని రెండేసి వేసుకోవద్దు, రోజుకి ఒక్కటే. లెట్రోజోల్ ఒక్కసారిగా ఒంట్లోంచి పోయే మందు కాదు. సగానికి తగ్గడానికే దాదాపు రెండు రోజులు పడుతుంది. పన్నెండు రోజులకి కొంపలేం మునగలేదు. అవి పన్నెండు నెలలై ఉంటే మాత్రం ఈ మాట ఇంత ధైర్యంగా అనేదాన్ని కాదు.

మీరు అడిగింది చిన్న ప్రశ్న కాదు. కీమోకే లొంగని కణం మాత్రకెలా లొంగుతుందన్నది న్యాయమైన సందేహం. దానికి జవాబు దొరక్కే చాలామంది మీలాగే గుట్టుగా మాత్ర మానేస్తారు. మీరు నాకు రాశారు, నాకదే సంతోషం.

నేను పాథాలజిస్టుని. రోగులు నన్ను చూడరు, నేను వాళ్ల గడ్డల్ని చూస్తాను. మీ రిపోర్టులో 'అంచులు క్లియర్' అని ఉండి ఉంటుంది. ఆ మాట రాసేది మాలాంటివాళ్లమే. ఆపరేషన్‌లో తీసిన ముక్క మా బల్ల మీదికి రాగానే దాని చుట్టూ రంగు సిరా పూస్తాం. తర్వాత సన్నటి పొరలుగా కోసి, గాజు పలకల మీద పరిచి, మైక్రోస్కోపు కింద ఆ సిరా గీత వెంటే కన్ను నడిపిస్తాం. క్యాన్సర్ కణం ఎక్కడా గీతని తాకకపోతే 'క్లియర్' అని రాస్తాం. అంటే కోసిన చోట ఏమీ మిగల్లేదని అర్థం. ఆ ముక్క మా బల్ల మీదికి రాకముందే దాన్ని వదిలి వెళ్లిపోయిన కణం గురించి సిరా గీత ఏం చెబుతుంది? మీతో 'అంతా తీసేశాం' అన్నవాళ్లు అబద్ధమాడలేదు. వాళ్ల మాట ఆ చోటు వరకే.

అలా వెళ్లిపోయిన కణం ఏమవుతుందో చెబుతాను. అది తెలిస్తే మాత్ర ఎందుకో దానంతటదే తెలుస్తుంది.

రక్తకణాల లాంటి కొన్నిటిని వదిలేస్తే, మన ఒంట్లో ప్రతి కణమూ పక్క కణాన్నీ కింది పొరనీ పట్టుకునే బతుకుతుంది. పట్టు తప్పితే చచ్చిపోవాలి. ఇది శరీరం పెట్టుకున్న కట్టడి. లేకపోతే పేగు నుంచి ఊడిన కణం వెళ్లి ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టేది. ఈ రకం చావుకి 1994లో 'అనోయికిస్' అని పేరు పెట్టారు. ఇల్లు లేకుండా పోవడం అన్న అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి తీసుకున్నారు. ల్యాబులో దీన్ని కళ్లారా చూడొచ్చు. మామూలు రొమ్ము కణాల్ని ప్లాస్టిక్ గిన్నెలో వేస్తే అడుగుకి అతుక్కుని చాపలా పరుచుకుంటాయి. అతుక్కోవడానికి వీల్లేని పూత వేసిన గిన్నెలో వేస్తే గుండ్రంగా ముడుచుకుని తేలుతుంటాయి. కొద్ది రోజుల్లోనే వాటి ఒంటి మీద బుడగలు లేచి, తునాతునకలైపోతాయి. అదే గిన్నెలో క్యాన్సర్ కణాల్ని వేస్తే వాటిలోనూ చాలా చస్తాయి. కొన్ని మాత్రం ఒకదాన్నొకటి పట్టుకుని చిన్న చిన్న ఉండలై తేలుతూనే ఉంటాయి. ఇల్లు లేకుండా బతకడం నేర్చినవి అవే.

ఇలాంటి కణాలు రక్తంలో తిరుగుతాయని 1869లోనే థామస్ ఆష్‌వర్త్ అనే వైద్యుడు ఆస్ట్రేలియాలో చూశాడు. క్యాన్సర్‌తో చనిపోయిన ఒక మనిషి రక్తంలో, గడ్డలో ఉన్నలాంటి కణాలే ఆయనకి కనిపించాయి. రక్తంలో ప్రయాణం వాటికి నల్లేరు మీద నడకేం కాదు. ప్రవాహం ఒరిపిడికి నలిగిపోతాయి, రోగనిరోధక కణాల చేతికి చిక్కుతాయి. ప్లేట్‌లెట్లని దుప్పటిలా కప్పుకున్నవి కొన్ని తప్పించుకుంటాయి. ఎలుకల రక్తంలోకి క్యాన్సర్ కణాల్ని ఎక్కించి చూసిన పాత ప్రయోగాల్లో, కొత్త చోట బతికి గడ్డ కట్టినవి నూటికి ఒకటి కూడా లేవు. ఊడిన ప్రతి కణమూ ముప్పే అయితే ఈ జబ్బు నుంచి ఎవరూ బయటపడేవారు కాదు.

బతికినవి ఎక్కడ ఆగుతాయన్నదానికీ ఒక లెక్క ఉంది. 1889లో లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్, రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది రికార్డులు తిరగేశాడు. రక్తం అన్ని అవయవాలకీ వెళుతుంది, క్యాన్సర్ మాత్రం కాలేయంలో, ఎముకల్లో ఎక్కువ, ప్లీహంలో చాలా అరుదు. విత్తనం అన్ని దిక్కులకీ పోతుంది, తగిన నేల దొరికితేనే మొలుస్తుంది అన్నాడాయన. నూట ముప్పై ఏళ్లు దాటినా ఆ మాట నిలబడింది. మీలాంటి హార్మోన్ పాజిటివ్ రకానికి ఇష్టమైన నేల ఎముక మూలుగ.

ఇక్కడ మీ రెండో ప్రశ్నకి జవాబు ఉంది. 2005లో 4,703 మంది మహిళల వివరాలు ఒకచోట చేర్చి చూశారు. వాళ్లకి రొమ్ము క్యాన్సర్ బయటపడిన రోజుల్లోనే మూలుగ తీసి పరీక్షిస్తే, దాదాపు 30 శాతం మందిలో అప్పటికే ఊడిన కణాలు కనిపించాయి. అంటే కణం ఎప్పుడు బయల్దేరిందో చూడండి. గడ్డ మీ చేతికి తగలకముందు, బయాప్సీకి ముందు, మీరు ఏ డాక్టరు గడపా తొక్కకముందు. కీమో సమయంలో మీరు సరిగ్గా తినలేకపోయినందుకో, ఒక చెకప్ ఆలస్యమైనందుకో మిగిలినవి కావు. మీరు చేసిన తప్పు ఏదీ లేదు. ఆ 30 శాతం మందికి ముప్పు ఎక్కువైన మాట నిజమే కానీ, వాళ్లందరికీ జబ్బు తిరగబడలేదు. కణం ఉండటం వేరు, జబ్బు రావడం వేరు. ఈ రెండింటి మధ్య ఉన్నదే నిద్ర.

కొత్త నేల మీద పడిన కణానికి రెండు రకాల కబుర్లు అందుతుంటాయి. ఒకటి పెరగమంటుంది, ఇంకొకటి ఆగమంటుంది. కణం లోపల మొదటిదాన్ని మోసేది ఈఆర్‌కే అనే ప్రోటీన్ దారి, రెండోదాన్ని మోసేది పీ38. ఏది బలంగా ఉంటే కణం అటు మొగ్గుతుంది. ఈ తూకాన్ని ఏళ్ల తరబడి పరిశోధించిన శాస్త్రవేత్త హూలియో అగిరె-గీసో. మూలుగలో టీజీఎఫ్-బీటా2 అనే పదార్థం ఉంటుంది. మన రక్తాన్ని పుట్టించే మూలకణాలు తొందరపడి అరిగిపోకుండా వాటిని నిమ్మళంగా ఉంచే ఏర్పాట్లలో అదొకటి. క్యాన్సర్ కణం వచ్చి అదే పక్కలో పడుకుంటే దానికీ అదే జోలపాట వినిపిస్తుంది. విభజన ఆపేస్తుంది. చావదు, పెరగదు.

ఒంటరి కణాలే కాదు, చిన్న గుంపులూ ఇలా ఆగిపోతాయి. రక్తనాళాలు అందక, పుట్టేవాటికీ చచ్చేవాటికీ సరిపోతుంటుంది కాబట్టి గుంపు పెరగదు. ఈ రకాన్ని లోకానికి చూపించినవాడు జూడా ఫోక్‌మన్. కొన్నిటిని మన రోగనిరోధక శక్తే కాపలా కాస్తుంది. ఆ కాపలా ఎంత గట్టిదో 2003లో వైద్య పత్రికలో వచ్చిన ఒక ఉదంతం చెబుతుంది. చనిపోయిన ఒక వ్యక్తి కిడ్నీలు ఇద్దరికి అమర్చారు. ఇద్దరికీ మెలనోమా అనే చర్మ క్యాన్సర్ వచ్చింది. ఆరా తీస్తే, దాతకి పదహారేళ్ల కింద మెలనోమా తీసేశారు, నయమైందనే అనుకున్నారు. దాత ఒంట్లో అన్నేళ్లూ కిక్కురుమనకుండా ఉన్న కణాలు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్న ఒంట్లోకి రాగానే లేచాయి. ఈ కథ చదివితే భయమేస్తుందని తెలుసు. నాకు మాత్రం ఇందులో పదహారేళ్ల కాపలా కనిపిస్తుంది.

ఇక కీమో వీటిని ఎందుకు వదిలేసింది?

కీమో మందుల్లో ఎక్కువ భాగం కణం రెండుగా చీలే పనిని పట్టుకుని చంపుతాయి. కొన్ని డీఎన్‌ఏ నకలు తీసేటప్పుడు దెబ్బ కొడతాయి. పాక్లిటాక్సెల్ లాంటివి, చీలేటప్పుడు క్రోమోజోముల్ని చెరో వైపుకీ లాగే దారాల్ని బిగిసిపోయేలా చేస్తాయి. చీలని కణంలో ఆ దారాలే ఉండవు, మందుకి పట్టుకోవడానికేం దొరకదు. మీ రిపోర్టులో కేఐ-67 అని ఒక శాతం రాసి ఉంటుంది, చూడండి. ఆ రంగు వేసినప్పుడు విభజన పనిలో ఉన్న కణాల కేంద్రకాలు గోధుమ రంగులోకి తిరుగుతాయి, ఊరికే ఉన్నవి నీలంగా ఉండిపోతాయి. గడ్డలో గోధుమ చుక్కలు చాలా ఉంటాయి. మూలుగలోకి చేరిన కణాన్ని పట్టుకుని ఇదే రంగు వేస్తే ఎక్కువసార్లు నీలమే. పది లక్షల మూలుగ కణాల మధ్య ఒకే ఒక్కటి, చుట్టూ తనవాళ్లెవరూ లేకుండా, నీలంగా. అలాంటి స్లయిడు మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు కళ్లు తిప్పుకోలేకపోయాను.

అంతెందుకు, మీ ఒంట్లోనే దీనికి సాక్ష్యం ఉంది. కీమోలో మీ జుట్టు ఊడింది, తర్వాత మళ్లీ మొలిచింది. ఎలా? వెంట్రుక కుదుట్లో వేగంగా చీలే కణాలు మందుకి చచ్చిపోయాయి, అందుకే జుట్టు రాలింది. ఆ పక్కనే మూలకణాలు కొన్ని ఎక్కువకాలం నిద్రలోనే ఉంటాయి. కీమో వాటి మీదుగా వెళ్లిపోయింది. మందు ఆగాక అవే లేచి కొత్త జుట్టు పుట్టించాయి. ప్రతి కీమో తర్వాత తెల్లకణాలు పడిపోయి మళ్లీ పెరిగింది కూడా, మూలుగలో నిద్రపోతున్న మూలకణాల చలవే. మిమ్మల్ని కీమో నుంచి బయటపడేసిన ఉపాయాన్నే ఆ క్యాన్సర్ కణం ఎత్తుకుపోయింది. కొత్త బలమేదీ దానికి రాలేదు.

నిద్ర ఒక్కటే దాని రక్ష అయితే కథ ఇక్కడితో అయిపోయేది. అలా కాదని తర్వాత తెలిసింది. మూలుగలో ఈ కణాలు తరచుగా సన్నటి రక్తనాళాల గోడని ఆనుకుని ఉంటాయి. సియాటిల్‌లో సైరస్ గజార్ బృందం 2019లో ఎలుకల మీద చూపించిన విషయం ఏమిటంటే, గోడని ఆనుకున్న కణం నిద్రలో ఉన్నా మెలకువగా ఉన్నా కీమోని తట్టుకుంటోంది. గోడని పట్టుకునే కొక్కేలు ఇంటెగ్రిన్లు. ఆ పట్టు నుంచే 'బతుకు' అన్న సంకేతం దానికి అందుతోంది. కొక్కేల్ని అడ్డుకుని కీమో ఇస్తే ఆ కణాలు నిద్ర లేవకుండానే చచ్చాయి. ఇల్లు వదిలి బతకడం నేర్చిన కణం చివరికి ఇంకొకరి గోడ పట్టుకునే బతుకుతోందన్నమాట. ఇది కాక, తిండి అందనప్పుడు తన లోపలి భాగాల్నే కొంచెం కొంచెం కరిగించుకుని రోజులు గడిపే పద్ధతి కూడా వాటికి ఉంది. దాన్ని ఆటోఫేజీ అంటారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మందుకి లొంగకపోవడం అంటే జన్యువు మారిపోయి, ఇక శాశ్వతంగా ఏ మందూ పనిచేయదని మనం అనుకుంటాం. అలాంటివీ ఉన్నాయి. కానీ 2010లో ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల మీద చేసిన ఒక ప్రయోగంలో, మందు పోస్తే దాదాపు అన్నీ చచ్చి, వెయ్యికి మూడు చొప్పున మిగిలాయి. మందు తీసేసి వాటిని పెరగనిచ్చి, మళ్లీ అదే మందు పోస్తే, వాటి సంతతి మొదటిసారిలాగే చచ్చింది. జన్యువుల్లో శాశ్వత మార్పేదీ రాలేదు. తేలు కుట్టిన దొంగలా గప్‌చిప్‌గా ఉండి గండం గడిపేశాయి, అంతే. నిద్రపోయే కణం మొండితనం చాలావరకు ఆ సమయానికి అది ఉన్న స్థితి. స్థితి మారితే దెబ్బ తగులుతుంది.

ఇప్పుడు మీ చిన్న మాత్ర దగ్గరికి వద్దాం.

కీమో ఎనిమిది సార్లు వచ్చింది, ప్రతిసారీ కొన్ని గంటలో రోజులో ఉండి వెళ్లిపోయింది. ఆ సమయంలో నిద్రపోతున్న కణానికి అది వచ్చిన సంగతే పట్టలేదు. కానీ ఆ కణం ఎవరికైనా ప్రమాదం కావాలంటే ఎప్పుడో ఒకప్పుడు లేవాలి, లేచి చీలాలి. హార్మోన్ పాజిటివ్ కణానికి చీలమని చెప్పే ముఖ్యమైన కబురు ఈస్ట్రోజెన్. నెలసరి ఆగిపోయాక అండాశయాలు దాన్ని తయారు చేయకపోయినా, కొవ్వులో, కండరాల్లో ఆరోమటేస్ అనే ఎంజైమ్ ఇతర హార్మోన్లని ఈస్ట్రోజెన్‌గా మారుస్తూనే ఉంటుంది. లెట్రోజోల్ ఆ ఎంజైమ్‌కి అడ్డం పడుతుంది. కణం ఏ రోజు కన్ను తెరిచినా దానికి అందాల్సిన కబురు అందదు. ఎప్పుడు తెరుస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి మాత్ర రోజూ ఉండాలి. కీమో చేయలేని పని ఇది. బలం తక్కువై కాదు, అది రోజూ ఉండలేదు కాబట్టి.

ఇది నా ఊహ కాదు. వేలమంది మహిళల మీద చేసిన పరీక్షల్ని కలిపి చూసినప్పుడు, ఐదేళ్లు టామాక్సిఫెన్ అనే ఇంకో రకం హార్మోన్ మాత్ర వేసుకున్నవాళ్లలో, ఆ ఐదేళ్లలో జబ్బు తిరగబడటం దాదాపు సగానికి తగ్గింది. మాత్ర ఆపిన తర్వాత కూడా ఆ మేలు ఏళ్ల తరబడి మిగిలింది. పదిహేనేళ్ల లెక్కలో రొమ్ము క్యాన్సర్ మరణాలు మూడో వంతు దాకా తగ్గాయి. నెలసరి ఆగినవాళ్లలో మీరు వేసుకునే రకం మాత్రలు, వాడుతున్నంత కాలం, టామాక్సిఫెన్ కన్నా తిరగబడటాన్ని ఇంకో 30 శాతం తగ్గించాయి. ఆపాక కూడా మేలు నిలిచిందంటే, కొన్ని కణాలు ఈస్ట్రోజెన్ కోసం ఎదురుచూసి ఎదురుచూసి నశించిపోయాయనే నాకు అనిపిస్తుంది.

దీనికి రెండో వైపు కూడా మీకు చెప్పాలి. ఐదేళ్ల హార్మోన్ మందు అయ్యేనాటికి జబ్బు ఛాయలు లేని 62,923 మంది మహిళల వివరాలు 2017లో వచ్చాయి. ఆ తర్వాతి పదిహేనేళ్లలో, అంటే ఇరవయ్యో ఏడు దాకా, వేరే అవయవాల్లో జబ్బు తిరగబడే అవకాశం, మొదటి గడ్డ చిన్నదై గ్రంథులకి పాకనివాళ్లలో 13 శాతం దగ్గర, గడ్డ పెద్దదై చాలా గ్రంథులకి పాకినవాళ్లలో 41 శాతం దాకా ఉంది. మీరు ఈ రెండింటి మధ్య ఉంటారు. వాళ్లలో చాలామంది వైద్యం పాత రోజుల్లో జరిగింది, ఇప్పటి మందులు అప్పుడు లేవు. గ్రంథులకి పాకినవాళ్లకి మాత్రని ఐదేళ్ల తర్వాత కూడా కొనసాగించాలా అని డాక్టర్లు ఆలోచించేది ఈ అంకెలు చూసే. "ఇంకెన్నాళ్లు?" అన్న మీ ప్రశ్నకి జవాబు అక్కడ ఉంది. ఐదేళ్లు దగ్గరపడ్డాక ఆ చర్చ జరగాలి. ఈలోపు మీ అంతట మీరు ఆపకండి.

వాటిని లేపేది ఏమిటన్నది ఇంకా తవ్వుతున్న విషయం. ఎలుకల్లో కొన్ని గట్టి ఆధారాలు దొరికాయి. 2018లో, పొగాకు పొగ వల్ల ఊపిరితిత్తుల్లో చాలాకాలం వాపు ఉంటే, న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు విసిరే వలలు చుట్టూ ఉన్న పొరని కోసి, పక్కన నిద్రపోతున్న క్యాన్సర్ కణాల్ని లేపుతున్నాయని చూపించారు. 2025లో ఫ్లూ, కోవిడ్ వైరస్‌లు కూడా ఎలుకల ఊపిరితిత్తుల్లో అలాంటి పనే చేస్తున్నాయని తేలింది. ఎలుకలో జరిగిందల్లా మనిషిలో జరగదు. అయినా ఇంట్లో ఎవరైనా పొగ తాగితే మీ పక్కన తాగనివ్వకండి, ఫ్లూ టీకా సంగతి డాక్టరుని అడగండి. ఈ రెండూ ఎలాగూ మంచివే.

టెన్షన్ సంగతి మాత్రం గట్టిగా చెబుతాను. భయపడినందుకు, ఏడ్చినందుకు, రాత్రుళ్లు నిద్ర పట్టనందుకు క్యాన్సర్ తిరగబడుతుందని మనుషుల్లో రుజువు కాలేదు. "ధైర్యంగా ఉండు, లేకపోతే మళ్లీ వస్తుంది" అని ఎవరైనా అంటే ఆ మాట పట్టించుకోకండి. జబ్బు భారం చాలదన్నట్టు, భయపడకూడదన్న భారం కూడా మీ నెత్తిన పెట్టడం అన్యాయం. నిద్ర పట్టకపోవడం మాత్రం వైద్యం ఉన్న బాధ, అది కూడా డాక్టరుకి చెప్పుకోండి.

నెలనెలా స్కాన్ వద్దు. ఒక సెంటీమీటరు గడ్డలో కోట్లకొద్దీ కణాలు ఉంటాయి. స్కాన్‌కి కనిపించాలంటే గడ్డ దాదాపు ఆ పరిమాణానికి దగ్గర పడాలి. ఒక్క కణం, పది కణాలు, వెయ్యి కణాలు ఏ స్కాన్‌కీ అందవు. ఏ లక్షణమూ లేనివాళ్లకి తరచుగా స్కాన్లు, రక్తపరీక్షలు చేయిస్తే ఆయుష్షు పెరుగుతుందా అని ఇటలీలో రెండు పెద్ద పరీక్షలు చేశారు. పెరగలేదని 1994లో ఫలితాలు వచ్చాయి. ఏడాదికోసారి మామోగ్రామ్, చెప్పిన టైముకి చెకప్ చాలు. రక్తంలో క్యాన్సర్ డీఎన్‌ఏ తునకలు వెతికే కొత్త పరీక్షల మీద పరిశోధన జరుగుతోంది, కానీ రొమ్ము క్యాన్సర్‌లో దాని ఫలితం చూసి వైద్యం మారిస్తే ప్రాణం నిలుస్తుందని ఇంకా తేలలేదు. ఇక 'నిద్రపోయే కణాల్ని చంపే పొడి' అంటూ ఎవరైనా అమ్మజూపితే కొనకండి. అలాంటివి అసలు మందులతో పడక లివర్ దెబ్బతిన్నవాళ్లని చూశాను.

నిద్రలోనే వాటిని పట్టుకునే ప్రయత్నం నిజంగా మొదలైంది. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఏంజెలా డిమికెలె బృందం, వైద్యం పూర్తయి, మూలుగలో ఇలాంటి కణాలు దొరికిన 51 మంది మహిళలకి రెండు పాత మందులు విడివిడిగానో కలిపో ఇచ్చింది. ఒకటి హైడ్రాక్సీక్లోరోక్విన్. ఇది ఇందాక చెప్పిన ఆటోఫేజీని అడ్డుకుంటుంది. ఇంకొకటి ఎవెరోలిమస్, కణాల పెరుగుదలని అడ్డుకునే మందు. 2025లో వచ్చిన ఫలితాల ప్రకారం ఎక్కువమందిలో ఆ కణాలు కనిపించకుండా పోయాయి. మూడేళ్లకి జబ్బు తిరగబడనివాళ్లు, ఒక మందు వాడినవాళ్లలో 90 శాతం పైన, రెండూ వాడినవాళ్లలో అందరూ. నాకెంత ఆనందమైందో చెప్పలేను. అయినా ఇది 51 మంది మాటే. ఇంకా పెద్ద పరీక్షలు కావాలి. ఇది చదివి ఆ మందులు సొంతంగా కొని వేసుకోవద్దు, రెండింటికీ దుష్ఫలితాలు ఉన్నాయి.

మీ మోకాళ్ల విషయం చివర్న పెట్టాను కానీ, నా దృష్టిలో ముఖ్యమైనది అదే. మీరు మాత్ర ఆపిన అసలు కారణం అదని ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఈ మాత్రలు వేసుకునేవాళ్లలో చాలామందికి కీళ్లు పట్టేస్తాయి. ఓర్చుకుని కూర్చోవాల్సిన పని లేదు. లెట్రోజోల్ పడనివాళ్లలో కొందరికి అదే కోవలోని అనస్ట్రోజోల్ గానీ ఎక్సెమెస్టేన్ గానీ పడుతుంది. అవీ కుదరకపోతే టామాక్సిఫెన్ ఉంది. నొప్పి తగ్గించే మార్గాలూ ఉన్నాయి. వారానికి 150 నిమిషాల నడక, రెండుసార్లు కండరాలకి బలమిచ్చే వ్యాయామం చేయించిన ఒక పరీక్షలో, ఏడాదికి కీళ్లనొప్పి పావు వంతుకి పైగా తగ్గింది. మొదటి వారాల్లో నడక కష్టమనిపిస్తుంది, పది నిమిషాలతో మొదలుపెట్టండి. ఎముకల సాంద్రత పరీక్ష అయిందో లేదో కూడా అడగండి, ఈ మాత్ర ఎముకల్ని పలచన చేస్తుంది.

కొత్తగా ఒకే చోట ఎముక నొప్పి మొదలై రాత్రిపూట కూడా తగ్గకుండా రెండు మూడు వారాలు ఉంటే, ఆగని దగ్గు, ఆయాసం, కామెర్లు, ఎన్నడూ లేని తలనొప్పి లాంటివి వస్తే చెకప్ తేదీ దాకా ఆగకండి. మీరు రాసినట్టు మోకాళ్లు, వేళ్లు పొద్దున్నే పట్టేయడం, అదీ రెండు వైపులా ఉండి, కదిలిస్తే వదలడం, మాత్ర ఆపితే తగ్గడం, మాత్ర వల్ల వచ్చే నొప్పి తీరే.

మిగిలింది మీ చివరి ప్రశ్న. మీ ఒంట్లో అవి ఉన్నాయో లేవో ఈ రోజు ఏ స్లయిడూ ఏ స్కానూ చెప్పలేవు. జబ్బు బయటపడ్డ రోజుల్లోనే మూలుగ పరీక్షించిన ఆ 4,703 మందిలో దాదాపు 70 శాతం మందికి అవి కనిపించనే లేదు. మీకు ఉన్నా లేకపోయినా రేపు పొద్దున మీరు చేయాల్సింది ఒకటే. ఈ ఉత్తరంలో నాకు రాసినవన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకుని చెకప్‌కి తీసుకెళ్లండి. మొదటి వరసలో 'పన్నెండు రోజులు మాత్ర ఆపాను, కీళ్లనొప్పి వల్ల' అని రాయండి. బయట ఎంతమంది ఎదురుచూస్తున్నా ఆ కాగితం పూర్తయ్యేదాకా కుర్చీలోంచి లేవకండి. ఇంట్లో ఒకరిని వెంట తీసుకెళ్లండి, వాళ్లకి ఈ సంగతి ఇవాళే చెప్పండి.